మాట్లాడకుండా ఉండే పనికి నటుడెందుకు?

స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బరాలో, కోట ముందు ఏటా ఆగస్టులో సైనిక బ్యాండ్ల ప్రదర్శన ఒకటి జరుగుతుంది, పేరు మిలిటరీ టాటూ. దాని పాత బీబీసీ ప్రసారాలు వరసపెట్టి వింటే ఒక విషయం తెలుస్తుంది. వ్యాఖ్యాత గొంతు ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ఆగిందో వెనక్కి తిప్పి చూసుకుంటే తప్ప పట్టుకోలేం. ఒక రెజిమెంటు పేరు, అది ఏ ప్రాంతపు కుర్రాళ్లతో పుట్టిందో, వాయిస్తున్న పాట ఏ యుద్ధం నాటిదో ఒక్క ముక్క. ఆ తర్వాత మళ్లీ బ్యాగ్‌పైపుల మోతే.

ఆ గొంతు టామ్ ఫ్లెమింగ్‌ది. 1966 నుంచి 2008 దాకా, నలభై ఏళ్లకు పైగా టాటూకు టీవీలో ఆయనే వ్యాఖ్యాత. 1927లో ఎడిన్‌బరాలో పుట్టారు, 2010లో పోయారు. వృత్తిరీత్యా నటుడు, నాటక దర్శకుడు. బ్రిటన్‌లో కోట్ల మంది ఆయన గొంతు విన్నారు. అందులో ఎంతమంది ఆయన ముఖం గుర్తుపట్టగలరంటే అనుమానమే.

ఇలాంటి జీవితాల గురించి మాట్లాడేటప్పుడు ఒక ధోరణి ఉంది. నాటకం పెద్ద పని, అనౌన్స్‌మెంటు పొట్టకూటి పని. షేక్‌స్పియర్ పాత్రలు వేసినవాడు రాజుగారి ఊరేగింపులు వర్ణించడానికి వెళ్లాడంటే ఒక మెట్టు దిగినట్టే అని. అనౌన్సర్ల వైపు నుంచి ఇంకో ఫిర్యాదు వినిపిస్తుంది. నటులు మా కుర్చీలో కూర్చుంటే వార్తను కూడా నటించేస్తారు, వాళ్లకు మైకు ఇవ్వకూడదు అని. రెండూ పొరపాటేనని నా అభిప్రాయం. ఫ్లెమింగ్ విషయంలో వ్యాఖ్యానం నటనకు కొనసాగింపు. ఇంకా గట్టిగా చెప్పాలంటే, ఆయన వేసిన పాత్రలన్నిటిలో అతి కష్టమైనది ఆ పెట్టెలాంటి గదిలో కూర్చుని వేసినదే.

మన లాక్షణికులు అభినయాన్ని నాలుగుగా విడగొట్టారు: ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం. కామెంటరీ గదిలో ఆంగికం లేదు, ఆహార్యం లేదు. వాచికం ఉంది గానీ దాన్ని పొదుపుగా వాడాలి. ఇక మిగిలేది సాత్త్వికం. లోపల భావం ఉండాలి, అది మాటల్లో పొంగకూడదు. చేయి ఆడించడానికి వీల్లేని నటుడికి ఇంతకంటే పరీక్ష ఏముంది?

కెంట్ ప్రభువు గొంతు

ఫ్లెమింగ్ తొలి వృత్తి వేదిక మన దేశంలోనే దొరికింది. 1945లో ఈడిత్ ఇవాన్స్ నాటక బృందంతో భారతదేశంలో పర్యటిస్తూ ఆయన వృత్తి నటుడయ్యారు. అప్పటికి ఇంకా ఇరవై నిండలేదు. 1953లో నాటక రచయిత రాబర్ట్ కెంప్, నటి లెనాక్స్ మిల్న్‌లతో కలిసి ఎడిన్‌బరాలో గేట్‌వే థియేటర్ కంపెనీ పెట్టారు. ఆ థియేటరు భవనం స్కాట్లాండ్ చర్చిది. స్కాట్లాండ్ నటులు, స్కాట్లాండ్ రచయితలు లండన్‌కు వెళ్లకుండా పని చేసుకునే చోటు ఒకటి కావాలన్నది ఆ కంపెనీ పట్టుదల.

1956లో బీబీసీ పిల్లల విభాగంలో జాయ్ హారింగ్‌టన్ తీసిన ధారావాహికలో యేసు పాత్ర ఆయనదే. బాప్టిస్టు పాస్టరు కొడుకు యేసుగా కనిపించడం, అదీ పిల్లల కార్యక్రమంలో. 1961లో స్కాట్లాండ్ జానపద వీరుడు రాబ్ రాయ్ పాత్ర. 1962 నుంచి రాయల్ షేక్‌స్పియర్ కంపెనీలో సింబలైన్, బ్రూటస్, ప్రాస్పెరో. వీటన్నిటికంటే నన్ను ఆపేది కెంట్ పాత్ర. పీటర్ బ్రూక్ దర్శకత్వంలో పాల్ స్కోఫీల్డ్ లియర్ రాజుగా వేసిన ప్రదర్శనలోనూ, 1971 నాటి సినిమాలోనూ కెంట్ ఫ్లెమింగే.

కెంట్ కథ తెలిసిందే. నిజం చెప్పినందుకు రాజు వెళ్లగొడతాడు. ప్రభువు మారువేషంలో తిరిగొచ్చి అదే రాజు దగ్గర నౌకరుగా చేరతాడు. వేషం మార్చడం తేలిక, గొంతు మార్చడం కష్టమని అతనికి తెలుసు. అరువు తెచ్చుకున్న యాసతో నా మాటతీరును దాచగలిగితే చాలు అనుకుంటూ ఆ దృశ్యంలోకి వస్తాడు. ఆ తర్వాత నాటకమంతా అతని పని రాజు పక్కన నిలబడటం. అవసరమైనప్పుడు ఒక మాట అంటాడు, మిగతా సమయంలో చూస్తూ ఉంటాడు. రంగస్థలం మీద వినడమే పనిగా పెట్టుకున్న నటుణ్ని ప్రేక్షకుడు పట్టించుకోడు గానీ, ఎదుటి నటుడికి అతనెంత ముఖ్యమో తోటివాళ్లకు తెలుసు. ఆ పాత్ర చేసినవాడు లండన్‌లోని యుద్ధమృతుల స్మారకం సెనటాఫ్ దగ్గర వ్యాఖ్యాతగా కూర్చున్నాడంటే నాకు ఆశ్చర్యం కలగదు.

అప్పటిదాకా ఇలాంటి ఘట్టాలు చెప్పిన వ్యాఖ్యాత రిచర్డ్ డింబుల్‌బీ 1965 డిసెంబరులో మరణించాక బీబీసీకి రాజలాంఛనాల గొంతు ఖాళీ అయింది. ఆ ఖాళీలోకి వచ్చినవాళ్లలో ఫ్లెమింగ్ ముఖ్యుడు. సెనటాఫ్ దగ్గర సంస్మరణ దినం చాలా ఏళ్లు ఆయన చేతిలోనే ఉంది. 1977లో రాణి రజతోత్సవం, 1981లో చార్లెస్, డయానాల పెళ్లి ఆయన చెప్పినవే. 1972లో ఎడిన్‌బరా అషర్ హాల్లో జరిగిన యూరోవిజన్ పాటల పోటీకి బీబీసీ తరఫున వ్యాఖ్యాత కూడా ఆయనే.

పెట్టె లోపల

పని ఎలా జరుగుతుందో తెలియకుండా ఈ వాదన నిలబడదు.

చుట్టూ డ్రమ్ములు మోగుతుంటే మామూలు మైకు పనికిరాదు. అలాంటి చోట్ల బీబీసీ వ్యాఖ్యాతల చేతిలో ఉండేది లిప్ మైక్. బీబీసీ ఇంజినీర్లే రూపొందించిన రిబ్బన్ మైకు అది. పైపెదవికి ఆనించుకునే ఒక కడ్డీ ఉంటుంది. దానివల్ల నోటికీ రిబ్బనుకూ మధ్య దూరం ఎప్పుడూ దాదాపు రెండంగుళాలే. అంత దగ్గరలో పుట్టిన ధ్వనికి రిబ్బను బాగా స్పందిస్తుంది, దూరం నుంచి వచ్చే హోరుకు తక్కువ స్పందిస్తుంది. దగ్గరితనం వల్ల లేచే గుమ్మనే బరువు శబ్దాన్ని మైకు లోపలే దించేస్తారు. అందుకే పక్కన ఎనిమిది వేల మంది చప్పట్లు కొడుతున్నా గొంతు విడిగా వినిపిస్తుంది.

నటుడికి ఇక్కడే మొదటి దెబ్బ. వేదిక మీద గొంతు పెంచినప్పుడు ముందుకు, తగ్గించినప్పుడు వెనక్కు శరీరం కదులుతుంది. స్టూడియోలో కూడా మైకుకు కాస్త దూరం జరిగి గట్టిగా పలకొచ్చు. లిప్ మైక్‌లో ఆ వీలు లేదు. కడ్డీ పెదవి మీద నుంచి కదిలిందా, దూరం మారి గొంతు పలచబడి హోరులో కలిసిపోతుంది. మరీ నొక్కిపెడితే ప, బ, మ పలికేటప్పుడు పెదవి ఆడదు. కాబట్టి ఉద్వేగమంతా ఊపిరి మీద, వేగం మీద, విరామం మీద చూపించాలి.

తలకు హెడ్‌ఫోన్లు. ఒక చెవిలో మైదానం ధ్వని, ఇంకో చెవిలో డైరెక్టరు. డైరెక్టరు కూర్చునేది బయట నిలిపిన పెద్ద వ్యానులో. బీబీసీ వాళ్లు దాన్ని స్కానర్ అంటారు. ఏ కెమెరాకు మారుతున్నాడో, ఎన్ని సెకన్లు మిగిలాయో అతను చెబుతూనే ఉంటాడు, ఆ మాటలు వింటూనే వ్యాఖ్యాత ఇంకో వాక్యం పలకాలి. బల్ల మీద రెండు మీటలు ఉంటాయి. ఒకటి దగ్గు మీట, నొక్కినంతసేపు మైకు ప్రసారంలోకి వెళ్లదు. రెండోది డైరెక్టరుతో మాత్రమే మాట్లాడేది. ఒకటి నొక్కబోయి ఇంకొకటి నొక్కితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

ఎదురుగా కిటికీ, పక్కన మానిటర్. కొత్తవాళ్లు పడే గుంట ఆ కిటికీయే. మైదానంలో ఎడమవైపు నుంచి గుర్రాలు వస్తున్నాయి, కంటికి ఇంపుగా ఉంది, వ్యాఖ్యాత వాటి గురించి మొదలుపెడతాడు. ప్రేక్షకుడి తెర మీద మాత్రం డ్రమ్ము వాయించే కుర్రాడి చేతులు. ఇక్కడ తప్పు డైరెక్టరుది కాదు. మానిటర్లో లేనిది ప్రేక్షకుడికి లేదు. ఫ్లెమింగ్ వ్యాఖ్యానంలో ఈ పొరపాటు నాకు దాదాపు దొరకలేదు. వేదిక మీద ఎదుటివాడి మాటకు బదులివ్వడం అలవాటైనవాడికి మానిటరే ఎదుటివాడు.

తర్వాత కార్డులు. ప్రతి దళానికీ ఒక కార్డు: పేరు, స్థాపించిన ఏడు, అధిపతి, వాయించే పాటలు, ముఖ్యమైన యుద్ధాలు. కార్డులో ఉన్నదాంట్లో పదో వంతు కూడా పలకకూడదు. మిగతాది ఎందుకంటే, ఒక దళం ఆలస్యమైనా, వాన వల్ల వరస తప్పినా, నింపడానికి. సరంజామా తక్కువైన వ్యాఖ్యాత ఉన్నదంతా మొదటి నిమిషంలోనే చెప్పేసి ఆ తర్వాత విశేషణాలకు దిగుతాడు. "అద్భుతమైన దృశ్యం" అనే మాట వినపడిందంటే కార్డులు అయిపోయాయని లెక్క.

టాటూలో ఈ కార్డులు ఏటా మార్చాల్సిందే. ఫ్లెమింగ్ మొదలుపెట్టినప్పుడు ఉన్న స్కాటిష్ రెజిమెంట్లలో చాలా మటుకు ఆయన ముగించేనాటికి ఆ పేర్లతో విడిగా లేవు. 1968లో కెమరూనియన్స్ రద్దయింది. 1994లో గోర్డన్ హైలాండర్స్, క్వీన్స్ ఓన్ హైలాండర్స్ కలిసిపోయాయి. 2006 మార్చిలో, గార్డ్స్ తప్ప మిగిలిన పదాతి రెజిమెంట్లన్నీ రాయల్ రెజిమెంట్ ఆఫ్ స్కాట్లాండ్ కింద బెటాలియన్లు అయిపోయాయి. వాటిలో ఒకటైన బ్లాక్ వాచ్ వస్తే, ఆ పాత పేరే పలకాలా, మూడో బెటాలియన్ అని పలకాలా? అధికారిక పేరు చెప్పకపోతే సైన్యానికి కోపం. పాత పేరు చెప్పకపోతే ఆ రెజిమెంట్లో తాత, తండ్రి పనిచేసిన ఇంట్లో టీవీ ముందు కూర్చున్నవాడికి కోపం. రెండూ చెప్పడానికి దొరికే సమయం ఏడెనిమిది సెకన్లు.

ఇంకో చిక్కు బయటివాళ్లకు తెలియదు. టాటూలో మైదానంలోని జనానికి విడిగా ఒక అనౌన్సరు ఉంటాడు. అతని గొంతు లౌడ్‌స్పీకర్లలో మోగుతూ టీవీ ధ్వనిలోకి కూడా వస్తుంది. టీవీ వ్యాఖ్యాత దాని మీద మాట్లాడితే రెండూ పోతాయి, దాని తర్వాత మాట్లాడితే బ్యాండు మొదటి చరణం మీద పడతాడు. సంగీతం మొదటి చరణాన్ని తొక్కడం ఈ పనిలో పెద్ద నేరం. యూరోవిజన్‌లోనూ అంతే. 1972లో 18 దేశాలు, 18 పాటలు. పాటకూ పాటకూ మధ్య వాద్యబృంద నిర్వాహకుడు వచ్చి చేయి ఎత్తే దాకానే వ్యాఖ్యాతది. గాయకుడి పేరు, పాట రాసిందెవరు, బాణీ ఎవరిది, నిర్వాహకుడెవరు. చేయి లేచేసరికి నోరు మూసుకోవాలి.

పదకొండు గంటలకు ఇరవై సెకన్ల ముందు

ఇక సెనటాఫ్. నవంబరులో రెండో ఆదివారం, లండన్ వైట్‌హాల్. పదకొండు గంటలకు బిగ్ బెన్ మొదటి దెబ్బతో రెండు నిమిషాల మౌనం మొదలు. అదే క్షణంలో హార్స్ గార్డ్స్ మైదానంలో ఫిరంగి పేలుతుంది. మౌనం చివర మళ్లీ ఫిరంగి, ఆ వెంటనే బ్యూగుళ్ల మీద లాస్ట్ పోస్ట్ అనే సైనిక నివాళి బాణీ.

వినడానికి సులువుగా ఉంటుంది, ఆ రెండు నిమిషాలు ఊరుకుంటే చాలు కదా అని. చిక్కు అంతకు ముందు ఉంది. బిగ్ బెన్ గంట కొట్టేముందు చిన్న గంటలు నాలుగు చరణాలు వాయిస్తాయి. పదకొండుకు దాదాపు ఇరవై సెకన్ల ముందే అవి మొదలవుతాయి, మొదటి పెద్ద దెబ్బ సరిగ్గా పదకొండుకు పడేలా. అంటే వ్యాఖ్యాత ఆఖరి మాట పదకొండుకు ముందు కాదు, ఆ చిన్న గంటలకు ముందు పడాలి. దానికంటే ముందు సైనిక బ్యాండ్లు వాయించే పాటల వరస ఉంటుంది. అందులో ఒకటి 1513 ఫ్లాడెన్ యుద్ధంలో చచ్చిపోయిన స్కాట్లాండు వాళ్ల మీద పుట్టిన శోకగీతం. బ్యాండు నాలుగు సెకన్లు ఆలస్యంగా ముగిస్తే ఆ నాలుగు సెకన్లూ వ్యాఖ్యాత వాక్యంలోంచే కోతపడతాయి.

పలికే వేగం లెక్క ఇలా ఉంటుంది. టీవీ అనౌన్సర్లకు ఇంగ్లీషులో వాడుకలో ఉన్న కొలత సెకనుకు మూడు మాటలు. ఇలాంటి సందర్భంలో అది సగానికి పడిపోతుంది, పడిపోకపోతే మొరటుగా ఉంటుంది. (తెలుగులో ఒక్కో మాట పొడుగు కాబట్టి ఈ కొలత మనకు అలాగే పనికిరాదు.) పన్నెండు సెకన్లు ఉంటే పద్దెనిమిది మాటలు. పద్దెనిమిది మాటల వాక్యాన్ని కార్డు మీద రాసుకున్నవాడికి ఎనిమిది సెకన్లే దొరికాయనుకుందాం. చదివే అనౌన్సరు తొందరగా చదువుతాడు, ఆ తొందర వినబడుతుంది. నటుడు వాక్యాన్ని ఎక్కడ కోస్తే అర్థం మిగులుతుందో తెలిసినవాడు. పన్నెండో మాట దగ్గర దించి, అక్కడే ముగించాలని ముందే అనుకున్నట్టుగా ఆపుతాడు. గొంతును ముగింపుకు దించడం నటనలో మొదటి ఏడాది పాఠం. తప్పుచోట దించితే డైరెక్టరు మాట అయిపోయిందనుకుని కెమెరా మార్చేస్తాడు. మిగతా సగం వాక్యం ఇంకెవరి ముఖం మీదో పడుతుంది.

రేడియోలో కథ వేరు. అక్కడ మౌనం అంటే ప్రసారం ఆగిపోయిందని అర్థం. భద్రాచలం కల్యాణం రేడియోలో ఉషశ్రీ గొంతుతో విన్నవాళ్లకు తలంబ్రాలు కళ్లముందు కనిపించాయంటే, ఆయన అన్నీ చెప్పాల్సివచ్చింది కాబట్టి, చెప్పగలిగారు కాబట్టి. టీవీ వచ్చాక కూడా చాలామంది అదే రేడియో వ్యాఖ్యానాన్ని బొమ్మ మీద పరిచేశారు. స్వామివారు వాహనం మీద కదులుతున్నారు అని చెబుతుంటారు, కదులుతున్నట్టు మనకు కనబడుతూనే ఉంటుంది. ఈ జబ్బు మనకొక్కరికే లేదు, అన్ని దేశాల్లోనూ ఉంది.

నటులు అనౌన్సర్లయిన కాలం

ఫ్లెమింగ్ ఒక్కడే ఈ దారి తొక్కాడనుకుంటే పొరపాటు. స్కాటిష్ టెలివిజన్ 1957 ఆగస్టు 31న గ్లాస్గోలో ప్రసారాలు మొదలుపెట్టింది, అదీ థియేటర్ రాయల్ అనే నాటకశాలను కొని. 1961లో అబర్డీన్ కేంద్రంగా గ్రాంపియన్, కార్లైల్ కేంద్రంగా బోర్డర్ వచ్చాయి. ఈ ప్రాంతీయ చానళ్లకు తెర మీద కనబడి తరవాతి కార్యక్రమం చెప్పే అనౌన్సర్లు కావాలి. నాటకాలు లేని నెలల్లో పని కావాల్సిన నటులు ఉన్నారు. ఇద్దరి అవసరాలూ కలిశాయి.

ఆ పనిలో నేర్చుకునేది గడియారం. అప్పటి రెండంగుళాల వీడియో టేపు యంత్రం వేగం అందుకుని బొమ్మ నిలబడటానికి పది సెకన్లు పట్టేది. అంటే తరవాతి కార్యక్రమం టేపును అనౌన్సరు ఆఖరి మాటకు పది సెకన్ల ముందే తిప్పాలి. ఒకసారి తిరిగిందంటే ఆగదు. అనౌన్సరు ముందే ముగిస్తే ఖాళీ ముఖంతో నవ్వుతూ కూర్చోవాలి, ఆలస్యమైతే మాట మధ్యలో కార్యక్రమం మింగేస్తుంది. ఇవాళ కంప్యూటరు సర్వరు మీట నొక్కగానే ఆడుతుంది, ఆ పది సెకన్ల భయం పోయింది. దాంతోపాటు ఆ కొలత కూడా పోయిందేమోనని నాకు ఒక చిన్న అనుమానం.

రీత్ వేషం

ఈ కథలో నాకు బాగా నచ్చే మలుపు 1983లో ఉంది. బీబీసీని నిలబెట్టిన జాన్ రీత్ జీవితం మీద బీబీసీయే తీసిన టీవీ నాటకంలో రీత్ పాత్ర ఫ్లెమింగ్ వేశారు. రీత్ కూడా స్కాట్లాండువాడే, స్టోన్‌హేవెన్‌లో పుట్టాడు, పాస్టరు కొడుకు. అనౌన్సరుకు పేరు ఉండకూడదు, గొంతే సంస్థ గొంతు కావాలి అన్న నియమం ఆయన హయాంలోదే. రేడియోలో ఎవరికీ కనబడకపోయినా అనౌన్సర్లు సాయంత్రం విందు కోటు వేసుకుని చదవాలన్నదీ ఆ కాలపు ఆచారమే. 1926లో పదాల ఉచ్చారణ తేల్చడానికి కవి రాబర్ట్ బ్రిడ్జెస్ అధ్యక్షుడిగా ఒక సంఘం వేశారు. చివరికి స్థిరపడింది దక్షిణ ఇంగ్లండు చదువుకున్నవాళ్ల మాట. యుద్ధకాలంలో, 1940లో, శత్రువులు దొంగ వార్తలు చదువుతారేమోనని అనౌన్సర్లు తమ పేర్లు చెప్పడం మొదలైంది. 1941లో యార్క్‌షర్ యాస ఉన్న విల్‌ఫ్రెడ్ పికిల్స్ వార్తలు చదివితే అది పెద్ద రగడ అయింది.

ఆ నేపథ్యంలో చూస్తే, రాజ్యం మొత్తానికి సంబంధించిన అతి లాంఛనమైన ఘట్టాలను పాతికేళ్ల తర్వాత ఒక ఎడిన్‌బరా గొంతు చెప్పడం చిన్న సంగతి కాదు. ఫ్లెమింగ్ దక్షిణ ఇంగ్లండువాళ్లలా తన 'ర'ను మింగలేదు. మల్గై, కర్కూబ్రీ, కల్లేన్ లాంటి చోట్ల పేర్లు, రాసేది ఒకటి పలికేది ఇంకొకటి అయినవి, ఆయన నోట తడబడవు. అయితే ఇందులో పెద్ద తిరుగుబాటు ఉందని కూడా నేను అనను. ఆయనది చదువుకున్న ఎడిన్‌బరా యాస. లండన్‌కు ఎప్పుడూ ఇబ్బంది పెట్టని యాస అది. గ్లాస్గో రేవు కూలీ గొంతుతో సెయింట్ పాల్స్ చర్చిలో చార్లెస్ పెళ్లి చెప్పించి ఉంటే అప్పుడు మాట్లాడుకోవచ్చు.

ఎదురు మాటలు

ఈ వాదనకు గట్టి అభ్యంతరాలున్నాయి. వాటిలో మొదటిది 1965-66 నాటిది. ఎడిన్‌బరాలో రాయల్ లైసియమ్ థియేటర్ కంపెనీకి ఫ్లెమింగ్ తొలి దర్శకుడు. 1965 అక్టోబరులో మొదటి ప్రదర్శన, గోల్డోనీ ఇటాలియన్ నాటకాన్ని విక్టర్ కారిన్ స్కాట్స్ భాషలోకి తెచ్చినది. మరుసటి ఏడే పాలకమండలితో పొసగక ఫ్లెమింగ్ తప్పుకున్నారు. అదే 1966లో టాటూ వ్యాఖ్యానం మొదలు. రెండు తేదీలనూ పక్కపక్కన పెట్టి, నాటకం పోగొట్టుకున్నదే బీబీసీకి దక్కింది అనడం తేలిక. నేను ఒప్పుకోను. 1973లో స్టీవెన్సన్ అసంపూర్ణ నవల ఆధారంగా వచ్చిన సీరియల్లో న్యాయమూర్తి వీర్ పాత్ర వేసింది ఆయనే. ఉరిశిక్ష వేయడానికి వెనుకాడని మనిషి పాత్ర అది. 1982లో స్కాటిష్ థియేటర్ కంపెనీ పగ్గాలు పట్టారు. పదహారో శతాబ్దపు స్కాట్స్ నాటకం, డేవిడ్ లిండ్సే రాసినది, 1984, 85 ఎడిన్‌బరా కళోత్సవాల్లో ఆడించి, 1986లో పోలండులోని వార్సా తీసుకెళ్లారు. వ్యాఖ్యాతగా స్థిరపడ్డ ఇరవై ఏళ్ల తర్వాత చేసిన పని ఇది. కంపెనీ 1987లో మూతపడింది. దానికి కారణం డబ్బు, టీవీ కాదు. అప్పటికి సొంత జాతీయ నాటక సంస్థ లేని దేశంలో ఒక నటుడు ఏడాదంతా నాటకం మీదే బతకాలని ఆశించేవాళ్లు ముందు ఆ లెక్క చూపించాలి.

రెండో అభ్యంతరానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. రాజలాంఛనాల వ్యాఖ్యానం ఎంత పొదుపుగా ఉన్నా అది భక్తి పాటే. గొంతు ఎంత బాగుంటే భక్తి అంత బలంగా ఎక్కుతుంది. ఊరేగింపుకు ఎంత ఖర్చయింది, ఆ రెజిమెంటు ఏ వలస రాజ్యాల్లో ఏం చేసింది అనేవి ఆ కార్డుల మీద ఉండవు. ఉన్నా పలకరు. టాటూలో వినిపించే యుద్ధాల పేర్లలో కొన్ని మన నేల మీద జరిగినవి. ఆ మెత్తటి గొంతులో అవి వింటుంటే ఇబ్బందిగానే ఉంటుంది. పనితనాన్ని మెచ్చుకుంటూ పనిని ప్రశ్నించడం సాధ్యమేనని అనుకుంటున్నాను. అయితే ఇక్కడ పనితనమే ప్రశ్నను నిద్రపుచ్చుతుంది.

మూడోది, నటులు నటించేస్తారన్న అనౌన్సర్ల ఫిర్యాదు. ఇందులో నిజం ఉంది. పద్యనాటకాల నుంచి వచ్చినవాళ్లు మైకు ముందు కూడా రాగం తీసినట్టే, బ్రిటిష్ రంగస్థలం వాళ్లకు మాట చివర వణుకు పెట్టే అలవాటుంది. ప్రతి విరామమూ అర్థవంతమైనదే అన్నట్టు ఆపుతారు. ఫ్లెమింగ్‌లో కూడా అక్కడక్కడా ఇది వినిపిస్తుంది, ముఖ్యంగా టాటూ చివర, దీపాలు ఆర్పి కోట బురుజు మీద ఒంటరి పైపరు వాయించే ముందు. ఆ దృశ్యానికి ఏ మాటా అక్కర్లేదు. ఆయన ఒకటో రెండో వాక్యాలు, కాస్త కవిత్వం కలిపి, చెప్పేవారు. అవి లేకపోయినా నష్టం లేదని నా ఫిర్యాదు.

అసలు నన్ను తగ్గించే అభ్యంతరం నాలుగోది. చూపు లేని ప్రేక్షకుడి మాటేమిటి? బొమ్మ చెప్పేది మళ్లీ చెప్పొద్దు అన్న సూత్రం బొమ్మ చూడగలిగేవాళ్ల కోసం రాసుకున్నది. ఫ్లెమింగ్ మెచ్చుకోదగ్గ మౌనంలో ఉన్న నిమిషాల్లో ఒక అంధుడికి బ్యాండు తప్ప ఏమీ అందదు. వాగుడుకాయ వ్యాఖ్యాతే అతనికి మేలు చేశాడు. ఇప్పుడు వర్ణనకు విడిగా ఇంకో ధ్వని మార్గం పెట్టే వీలుంది, ఆయన మొదలుపెట్టిన రోజుల్లో లేదు. టీవీ పెట్టుకుని వంటింట్లో పని చేసుకునేవాళ్ల సంగతీ ఇంచుమించు ఇంతే. కాబట్టి తక్కువ మాటలే గొప్ప అని గుడ్డిగా చెప్పలేను. తక్కువ మాటల్లో ఏది ఎంచుకున్నాడన్నది చూడాలి. ఫ్లెమింగ్ ఎంచుకున్నవి ఎక్కువగా పేర్లు, ఊళ్లు, ఇప్పుడు జరగబోయేది. అవి చూపున్నవాడికీ లేనివాడికీ ఇద్దరికీ పనికొచ్చేవి.

ఇవాళ్టి ప్రసారాల్లో ఇద్దరు ముగ్గురు యాంకర్లు, మధ్యలో స్టూడియో అతిథి, దళం కవాతు చేస్తుండగానే ఆ దళంలో పనిచేసిన మాజీ సైనికుడితో ముఖాముఖి. దానికి కారణం అభిరుచి దిగజారడమని నేననుకోను. ఒక గొంతును నలభై ఏళ్లు ఒక కుర్చీలో కూర్చోబెట్టే ఓపిక ఏ చానలుకూ లేదు. రిమోట్ చేతిలో ఉన్న ప్రేక్షకుడు మౌనాన్ని భరిస్తాడన్న నమ్మకమూ లేదు. అయినా ఒక సంగతి గమనించాలి. ఫ్లెమింగ్ తర్వాతి ఏళ్లలో టాటూ వ్యాఖ్యానానికి వచ్చినవాళ్లలో బిల్ పాటర్సన్ ఉన్నాడు. గ్లాస్గోలో పుట్టినవాడు, వార్తల గదిలో కాక నాటకంలో పెరిగినవాడు. నటుడి కుర్చీలోకి బీబీసీ మళ్లీ నటుణ్నే వెతుక్కుంది.